గెలవనివ్వకపోవడం కూడా ఆటే

కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. క్యారమ్స్ గురించి రాస్తున్నాం. "హాస్టల్లో టైమ్‌పాస్ ఆటకి ఇంత పోస్టా?" అనుకోవద్దు. మనకంటే బాగా ఆడేవాడి ముందు కూర్చున్నప్పుడు ఏం చెయ్యాలి అన్నది ఇందులో అసలు విషయం. అది మనకి బోర్డు దగ్గరే కాదు, చాలా చోట్ల ఎదురయ్యేదే.

మేం నలుగురం. ఏజెన్సీలో ఒకే గిరిజన హాస్టల్లో ఆరో తరగతి నుంచి కలిసి పెరిగాం. హాస్టల్ మొత్తానికి ఉన్నది ఒకటే బోర్డు. వానాకాలం చెమ్మకి మధ్యలో ఉబ్బిపోయింది. బోరిక్ పౌడర్ అయిపోతే ముఖానికి రాసుకునే పౌడరే చల్లేవాళ్లం. రెండు నల్ల కాయిన్లు పోతే చెక్క ముక్క చెక్కి, బొగ్గు రాసి వాడుకున్నాం. అలాంటి బోర్డు మీద గట్టిగా కొడితే కాయిన్ ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. అందుకే మెల్లగా కొట్టడం, కొట్టాక ఏది ఎక్కడ ఆగుతుందో చూసుకోవడం మాకు చిన్నప్పుడే అలవాటైంది. అదే తర్వాత పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

డిగ్రీకి టౌనుకి వచ్చాక కాలేజీల మధ్య పోటీలకి వెళ్లాం. అక్కడి పిల్లలకి ఇంట్లోనే మంచి బోర్డు ఉంటుంది. క్లబ్బులో రోజూ రెండు మూడు గంటలు ఆడతారు. నేర్పడానికి సీనియర్లు ఉంటారు. మొదటి ఏడాది మా వాళ్లు మొదటి రౌండ్లోనే పోయారు. ఒక గేము నాలుగే బోర్డుల్లో అయిపోయింది. వెనకాల ఎవరో "ఏజెన్సీ పిల్లలు కదా, తొందరగానే అయిపోద్దిలే" అన్నారు. తిరిగి వచ్చాక కాలేజీలో ఇంకో మాట చెప్పారు. మళ్లీ మొదటి రౌండ్లోనే ఇంటికొస్తే పై ఏడాది క్యారమ్స్‌కి ఎంట్రీ ఫీజు కట్టరంట. మా వెనకాల హాస్టల్ నుంచి వస్తున్న తమ్ముళ్లు ముగ్గురు ఉన్నారు. మాతో ఆ తలుపు మూసుకుపోతే వాళ్ల సంగతేంటి?

ఆ రాత్రి నోట్‌బుక్కులో స్కోర్లు రాసుకుని కూర్చున్నాం. రూల్సు తెలియని వాళ్ల కోసం చెప్తాం. బోర్డు మీద 9 తెల్లవి, 9 నల్లవి, ఒక ఎర్ర రాణి. ఎవరు ముందు తమ కాయిన్లు అన్నీ వేస్తే వాళ్లది బోర్డు. అవతలి వాళ్లవి ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు. రాణిని వేసి, వెంటనే తమ కాయిన్‌తో కవర్ చేసి ఉంటే బోర్డు గెలిచినవాళ్లకి ఇంకో 3 పాయింట్లు, అది కూడా స్కోరు 22కి చేరనంత వరకే. 25 పాయింట్లు ముందు చేరితే గేము గెలిచినట్టు. ఎవరూ చేరకపోతే 8 బోర్డులయ్యాక ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్లదే గేము. మూడు గేముల్లో రెండు గెలిస్తే మ్యాచ్.

లెక్క చూస్తే ఒక విషయం తెలిసింది. పెద్ద ఆటగాడి బలం ఎక్కువ బోర్డులు గెలవడంలో లేదు, ఒక్కో బోర్డులో 7, 8, 10 లాగెయ్యడంలో ఉంది. మేం బోర్డులు ఓడకుండా ఉండలేం. కానీ 8తో ఓడే బోర్డుని 2తో ఓడగలమా? అదొక్కటే మా చేతిలో ఉంది. అక్కడి నుంచి ప్రాక్టీసు మొత్తం మార్చాం.

మొదటిది, రాణి సంగతి. బోర్డు ఓడిపోతామని అనిపిస్తే మాకు ముందు రాణి కావాలి. మన కాయిన్ ఒకటి పడ్డాక రాణిని వేసి కవర్ చేసేస్తే, తర్వాత బోర్డు పోయినా ఆ 3 వాళ్లకి రావు. మనకీ రావు, పర్లేదు.

రెండోది, కొట్టేముందు ఒక ప్రశ్న. "ఇది పడుతుందా?" అని అందరూ అడుక్కుంటారు. "పడకపోతే వాడికేం మిగులుతుంది?" అని మేం అడుక్కోవడం మొదలుపెట్టాం. పది సార్లు కొడితే మూడు సార్లు పడే షాట్ అయితే దాని జోలికి పోం. దాని బదులు వాళ్ల కాయిన్‌ని మెల్లగా వాళ్ల వైపు ఫ్రేము దగ్గరికి, వాళ్ల బేస్‌లైన్ వెనక్కి నెడతాం. అక్కడున్న కాయిన్ తియ్యాలంటే బొటనవేలితో వెనక్కి కొట్టాలి, లేదంటే రీబౌండ్ పెట్టాలి. ఎంత మంచి ఆటగాడికైనా అది కష్టమే.

మూడోది, హోలు మూతి మీద మన కాయిన్. కొత్తవాళ్లు అది కనబడగానే టక్కున వేసేస్తారు. అదెక్కడికీ పోదు. అక్కడ ఉన్నంతసేపు వాళ్ల కాయిన్ ఆ హోల్లోకి నేరుగా పోదు. మనదాన్ని తోసేస్తే మన పని వాళ్లే చేసినట్టు. దాన్ని చివరి దాకా కాపలా ఉంచాలి. అలాగే వాళ్ల కాయిన్లు రెండు మూడు అంటుకుని ఉంటే మనం ముట్టుకోకూడదు. ఆ ముడి విప్పుకునే కష్టం వాళ్లకే వదిలెయ్యాలి.

నాలుగోది, స్ట్రైకర్ హోల్లో పడకూడదు. పడితే వంతు పోతుంది, వేసిన కాయిన్ ఒకటి మళ్లీ బోర్డు మీదికి వస్తుంది. బలహీనుడు అవతలి వాడికి ఉచితంగా ఏమీ ఇవ్వకూడదు.

మన ఊళ్లలో చేనుకి మంచె వేస్తారు కదా. అడవిపంది బలం ముందు మనిషి బలమెంత? ఎవరూ పందితో కుస్తీ పట్టరు. డబ్బా మోగిస్తారు, మంట వేస్తారు, గట్టు మీద ముళ్లకంప పెడతారు. తెల్లారేసరికి పంది పందిలాగే ఉంటుంది, చేను చేనులాగే ఉంటుంది. దాన్ని ఎవరైనా పిరికితనం అంటారా?

రెండో ఏడాది పోటీల్లో మొదటి రౌండు దాటాం. రెండో రౌండులో మాలో ఒకడికి, ముందు ఏడాది మమ్మల్ని నాలుగు బోర్డుల్లో పంపించేసిన అబ్బాయే తగిలాడు. మొదటి గేము అతనిది, రెండోది మనది. మూడో గేములో మావాడు ఓడిన బోర్డులు ఐదు: 4, 2, 3, 2, 1. మొత్తం 12. గెలిచినవి మూడే: రాణితో కలిపి 6, రాణి లేకుండా 4, ఆఖరి బోర్డులో రాణితో 4. మొత్తం 14. ఎనిమిదిలో ఐదు బోర్డులు ఓడిన వాడు 14–12తో గేము గెలిచాడు, మ్యాచ్ గెలిచాడు.

ఆఖరి బోర్డు చెప్పాలి. అతనికి ఒకే కాయిన్ మిగిలింది, రాణి ఇంకా బోర్డు మీదే ఉంది. రాణి ఉండగా ఆఖరి కాయిన్ వేస్తే బోర్డు పోతుంది. కాబట్టి అతను ముందు రాణిని తియ్యాలి. మావాడు రాణిని అతని వైపు ఫ్రేముకి ఆనించి పెట్టాడు. అతను మూడు సార్లు కొట్టాడు, రాలేదు. ఆ మూడు వంతుల్లో మావాడు తన కాయిన్లు ఒక్కొక్కటే సర్దుకున్నాడు. నాలుగోసారి అతని షాట్‌కి రాణి మధ్యలోకి వచ్చింది. ఆ తర్వాత అతనికి వంతు రాలేదు.

పక్కనున్న వాళ్లు గొణిగారు. "ఇదేం ఆట, ఆడనివ్వడం లేదు. దమ్ముంటే ఓపెన్‌గా ఆడాలి" అని. ఓపెన్‌గా ఆడడం ఎవరికి లాభం? ఇంట్లో బోర్డున్న వాడికి. మేం ఒక్క రూలు దాటలేదు. ఆడిన అబ్బాయి మాత్రం ఏమీ అనలేదు. చెయ్యి కలిపి, "రాణిని అలా ఫ్రేముకి ఎలా ఆనిస్తున్నావు బ్రదర్?" అని అడిగాడు. మావాడు అక్కడే చూపించాడు.

టౌన్లలో పూల్ ఆడే మనవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారేమో, వాళ్లకిది పాత సంగతే. అక్కడ దీన్ని సేఫ్టీ అంటారు. తన బాల్ వెయ్యలేనప్పుడు తెల్ల బాల్‌ని వేరే బాల్ వెనక దాచేస్తారు. అవతలి వాడు తన బాల్‌ని ముందు తాకలేకపోతే ఫౌల్, తెల్ల బాల్ మన చేతికొస్తుంది. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ చిన్నప్పుడు మనీలాలో మామయ్య పూల్ హాల్లో పనిచేస్తూ, టేబుల్ అందక కూల్‌డ్రింక్ పెట్టెల మీద నిలబడి నేర్చుకున్నాడు. 1995లో అమెరికాలోని రీనోలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ దాచిన బాల్‌ని ఆయన అంచులకి కొట్టి బయటపడిన షాట్ ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతోంది. అడ్డుపెట్టడం ఎంత ముఖ్యమో, అడ్డు దాటడం కూడా అంతే ముఖ్యం. అందుకే రీబౌండ్ షాట్ రోజూ యాభై సార్లు కొట్టాలి.

ఒక జాగ్రత్త. అడ్డుకోవడం ఒక్కటే గెలిపించదు. మూడో రౌండులో మాలో ఇంకొకడు అన్నీ సర్దుతూనే కూర్చున్నాడు. నేరుగా పడే కాయిన్‌ని కూడా వదిలేశాడు, ఓడిపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడు ఆగకుండా లోపలికి పోవాలి. 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పులో చెన్నై ఆటో డ్రైవర్ కూతురు ఖాజిమా మూడు బంగారు పతకాలు గెలిచింది. కాయిన్లు వెయ్యడం రాకుండా అక్కడిదాకా ఎవరూ పోరు.

ఎంట్రీ ఫీజు ఆగలేదు. ఇప్పుడు హాస్టల్ తమ్ముళ్లకి ఒక ప్రాక్టీసు పెట్టాం, మీరూ చెయ్యొచ్చు. బోర్డుని సగం ఓడిపోయినట్టు పేర్చండి: వాళ్లవి 2 కాయిన్లు, మీవి 6, రాణి మధ్యలో. గెలవాల్సిన పని లేదు. 2 పాయింట్లకి మించి ఓడకూడదు, అంతే పందెం. రోజూ పది బోర్డులు. మొదటి వారం చిరాకు వస్తుంది. మూడో వారానికి మా తమ్ముళ్లు ఆ పదింటిలో రెండు మూడు గెలవడం మొదలుపెట్టారు.