మా తండ్రిగారి యోడ కొలువు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములయందు పుట్టినవారికి సముద్రమనగా భూగోళపటములోని నీలివన్నె మాత్రమే. మంజీర గలదు, పోచారము చెఱువు గలదు, 1931 వ సంవత్సరమున పూర్తియైన నిజాంసాగరము గలదు. దాని పేరునందు సాగరశబ్ద ముండుటచే మా చిన్ననాట కొందఱు బాలురు అదియే సముద్రమని వాదించుటయు గలదు. అట్టి ఎల్లారెడ్డినుండి మా తండ్రిగారు రెండవ ప్రపంచ సంగ్రామమున సేనలను మోయు నోడపై ఫిరంగివానిగా పనిచేసిరి.

వారు పోయినది దేశములు చూచు కోరికచేత గాదు. రెండేండ్లు వరుసగా వానలు తప్పెను. షావుకారు బాకీ పెరిగెను. ఎడ్లబండిపై రాత్రియంతయు ప్రయాణముచేసి, లింగంపేటమీదుగా కామారెడ్డి చేరి, అచ్చట చిన్న పట్టాల బండి యెక్కి, మన్మాడులో పెద్ద పట్టాల బండికి మాఱి బొంబాయి పోయిరి. కరాచీలో ఫిరంగి నేర్చిన పిదప వారిని రాజులా యను నోడకు పంపిరి.

ఇచ్చట నొకమాట చెప్పవలెను. పోచారము కాలువపై తూములెత్తి దించు సేవకుని మావైపు లష్కరు అందురు. ఓడలపై పనిచేయు హిందూదేశపు నావికులనుకూడ దొరలు ఆ పేరుతోనే పిలిచెడివారు. కుమారుడు లష్కరులతో గలసి యున్నాడని వినిన మా నాయనమ్మ, వాడెక్కడనో పెద్దకాలువ గట్టున చెట్టునీడను కూర్చున్నాడని తలంచి మిక్కిలి సంతోషించెనట. ఆమె భ్రమను ఎవ్వరును తొలగింపలేదు. తొలగింపకుండుటే మేలయ్యెనని మా యభిప్రాయము.

రాజులా 1926 లో గ్లాస్గో నగరమున నిర్మింపబడినది. యుద్ధమునకు పూర్వము చెన్నపట్టణము, నాగపట్టణములనుండి పినాంగు, సింగపూరులకు కూలిజనమును, వర్తకులను మోసెడిది. పైతట్టుపై చాపలు పఱచుకొని పోవువారు ఒక్కమాఱు అయిదువేలమంది యెక్కుటకు దానికి అనుమతి యుండెను. మలయా రబ్బరుతోటలకు పోయిన మన తెలుగువా రెందఱో దానిమీదనే పోయిరి. యుద్ధము రాగా కూలీల స్థానమున సిపాయిలు వచ్చిరి.

ఓడపై జీవితమునుగూర్చి మా తండ్రిగారు చెప్పినది స్వల్పము. చీకటిపడిన పిమ్మట పైతట్టుపై దీప ముండరాదు, బీడీ నిప్పుకణిక కనబడినను శిక్ష తప్పదు. మంచినీరు కొలిచి యిచ్చెడివారు; ఉప్పునీట నురుగు రాని సబ్బుతో స్నానము. ఓడలు గుంపులుగా పోవును. జలాంతర్గాముల భయముచేత తిన్నగా పోక వంకరటింకరగా పోవును. "దుక్కి తెలియనివాడు దున్నిన సాలువలె" అని వారు నవ్వెడివారు. వృద్ధాప్యమునగూడ రాత్రి చేనికి పోవునప్పుడు అగ్గిపుల్ల వెలిగించి రెండవ యరచేత దానిని పూర్తిగా కప్పుట మేము చూచితిమి. ఆకాశమున విమానము లేదుగదా యని మేమనిన, వారు బదులు చెప్పెడివారు కారు.

ఇంటికి సొమ్ము వచ్చుచుండెను. అది కల్దారు; మావద్ద చెల్లునది నిజాముగారి హాలీ సిక్కా. 100 కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలు వచ్చును. మా అమ్మకు అక్షరము రాకున్నను ఈ లెక్క మాత్రము నోటికి వచ్చును. ఉత్తరములలో ఓడ పేరుగాని, రేవు పేరుగాని యుండరాదు. ఉన్నచో పరీక్షాధికారులు కత్తిరింతురు. చదివిపెట్టు పంతులుగారు చిల్లులుపడిన కాగితమును వెలుతురున కెత్తి చూపి, "ఇచ్చట ఏదో యూరుండెనమ్మా" అని చెప్పెడివారట. 1943 వ సంవత్సరమున దీపావళి మొదలు సంక్రాంతివఱకు ఉత్తరము రాలేదు, సొమ్మును రాలేదు. అమ్మ కాలిమెట్టెలు తీయలేదు. అంతకుమించి ఆ దినములనుగూర్చి ఆమె ఏమియు చెప్పలేదు.

ఆ కాలముననే రాజులాకు తోడుగా 1926 లోనే నిర్మింపబడిన రోహ్నా యను నోడ మునిగెను. అమెరికా సైనికులు దానిలో ఓరాను రేవుననెక్కి మన దేశమువైపు వచ్చుచుండిరి. 1943 నవంబరు 26 వ తేదీని అల్జీరియా తీరముచెంత జర్మను విమానము విడిచిన బాంబు దానిని కొట్టెను. అది విడిచినతోడనే ఊరక పడు బాంబు గాదు. విమానమునందలివారు రేడియోచే త్రిప్పి గుఱికి చేర్చునది. అమెరికా సైనికులే 1,015 మంది మరణించిరి. ఓడ సిబ్బంది 195 మందిలో 120 మంది పోయిరి. వారిలో అత్యధికులు మన లష్కరులు. ఈ వృత్తాంతమును ప్రభుత్వములు పెక్కేండ్లు దాచియుంచెను. మృతులైన తమ సైనికులను అమెరికా శాసనసభ తీర్మానముచే గౌరవించుట 2000 వ సంవత్సరమునగాని జరుగలేదు. బ్రదికినవారిలో కొందఱు లష్కరులు తమ ప్రాణమే చూచుకొనిరని నింద మోపిరి. పడవలను దించు సామగ్రి తుప్పుపట్టి కదలలేదనియు బ్రదికినవారే చెప్పిరి. 195 లో 120 మంది మునిగినచోట ఆ నింద యెంతవఱకు నిలుచునో చదువరులే యాలోచింతురుగాక.

ప్రభుత్వము దాచినను రేవులలో నావికులకు తెలియకుండునా? మా తండ్రిగారికి బొంబాయిలోనే తెలిసెను. రాజులాపై వారికి రాత్రికాపలాలో చాయ తెచ్చియిచ్చిన వృద్ధ లష్కరు ఒకడు ఆ యేడే రోహ్నాకు మాఱియుండెను. సముద్రము పొంగినప్పుడు కడుపు త్రిప్పకుండ దూరమున గీతవలె కనబడు అంచును చూడుమని నేర్పినది అతడే. అందఱును అతనిని చాచా యనిరి. తండ్రిగారును చాచా యనిరి.

సమాధిలేని మన నావికుల పేళ్లు, ఆఱువేలకు పైబడినవి, బొంబాయిలోని నావికుల వసతిగృహమున నొక పుస్తకమునందు వ్రాయబడియున్నవి. అట్టిదియే యింకొకటి చట్టగాంగునందు గలదు. మేము బొంబాయికి పోవుచు, చాచా పేరు వెదకివత్తుమా యని తండ్రిగారి నడిగితిమి. వారు చాలసేపు ఆలోచించి, "ఏ పేరని వెదకెదరు బిడ్డా?" అనిరి.

రాజులా యుద్ధానంతరము మరల చెన్నపట్టణము, సింగపూరుల నడుమ తిరిగెను. 1973 లో దానిని అమ్మి రంగత్ అని పేరు మార్చిరి. మఱుసటి యేడు విఱుగగొట్టిరి. ఆ సంగతి చెప్పినప్పుడు మా తండ్రిగారు పశువులకు కుడితి పెట్టుచుండిరి. ఇనుము ఎంత తూగెనో తెలిసెనా యని యడిగిరి. తెలియలేదని చెప్పితిమి.