అద్దం మీది పేరు

మోటారు కారులో మనం ప్రతిదినమూ వాడుతూ, ఒక్కనాడైనా గమనించని వస్తువు ఏదంటే ముందటి అద్దమే అని చెప్పాలి. అది బాగున్నన్నాళ్లు దానిలోగుండా రోడ్డును చూస్తాము గాని దానిని చూడము. పగిలిన నాడు మాత్రం యింటిల్లిపాదికీ అదే మాట. కంపెనీ పేరున్న అద్దమే వేయించవలెనా, బజారు అద్దం చాలదా అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. ఈ ప్రశ్న యీమధ్య మా యింట పుట్టి, పది దినాలు నలిగి, ఒక దారికి వచ్చినది. ఆ వైనం వ్రాస్తే మన కుటుంబాలలో కారున్న నలుగురికీ పనికి రావచ్చునని మా ఉద్దేశ్యం.

మాది తిరువళ్లూరులో కాపురం, గుమాస్తా వుద్యోగం. మా అమ్మగారి పుట్టిల్లు తిరుత్తణి. రెండూళ్ల నడుమ దారి చెన్నపట్నం నుండి తిరుపతికి పోయేదే. పూర్వం 205 అనేవారు, యిప్పుడు 716వ నంబరు జాతీయ రహదారి. ఆ దారిని తిరుపతి బస్సులెన్నో జల్లి లారీలూ అన్ని. కనకమ్మచత్రం దాటిన తరువాత ఒక లారీ వెనుక పోతూ వుండగా శెనగగింజంత రాయి ఎగిరి వచ్చి అద్దానికి తగిలినది. తగిలినచోట నక్షత్రం లాగా చిన్న చుక్క పడినది. అంతటి చుక్క అయితే జిగురు నింపి సరిచేస్తారు, ఖర్చూ స్వల్పమే. కాని మరునాడు ఎండలో నిలిపిన బండిలో ఏ.సి. వేయగానే ఆ చుక్కలోనుండి జానెడు గీత సాగి, నడిపేవారి కంటికి ఎదురుగా వచ్చి నిలిచినది. గీత అంచు వరకు పోయినా, నడిపేవారి చూపుకు అడ్డం వచ్చినా అద్దం మార్చక తప్పదు.

మా అమ్మగారికి మోకాళ్లు వంగవు. వెనుక సీటులోకి ఎక్కలేరు. అందుచేత మా బండిలో ముందటి యెడమ సీటు ఆమెదే. ఆడికృత్తికకు తిరుత్తణి పోవడం ఆమెకు ఏటేటా మానరాని పని. కొండమీదికి రోడ్డున్నది గనుక మెట్లు ఎక్కవలసిన శ్రమ లేదు. పగిలినది ఆమె ముఖానికి మూరెడు దూరంలో వుండే అద్దం. కాబట్టి మాకిది డబ్బు లెక్క ఒక్కటే కాదు.

ధరలు విచారించినాము. కారు కంపెనీ షోరూములో, కారు గుర్తు ముద్రించిన అద్దానికి బిగింపు కూలితో సహా 7,800 రూపాయలు. బయటి అద్దాల అంగడిలో, పేరున్న కార్ఖానావారి అద్దమే, కారు గుర్తు మాత్రం లేనిది, 5,200. అదే అంగడిలో మరొక మూలనున్న, పేరు వినని సరుకు 3,400. షోరూము అబ్బాయి, "బయట వేయించితే మాకు పూచీ లేదు సార్" అన్నాడు. అంగడి ఆయన అరవంలో, "రెండూ ఒకే కణ్ణాడి సార్, పేరుకే ఆ డబ్బు" అన్నాడు. ఎవరి సరుకు వారికి ముద్దు గదా!

ఇంట్లో మూడు పక్షాలయినవి. మా శ్రీమతి, "ఏమండీ, అత్తయ్య కూర్చునే చోట బేరాలాడతారా? కంపెనీదే వేయించండి" అన్నది. మా బావమరిది, "బావా, రాయికి కంపెనీ తెలుసునా? మళ్లీ ఒకటి తగిలితే ఏడువేలూ పాయె! చౌకదే వేయించు" అన్నాడు. మేము ఇద్దరి మాటా విని వూరకున్నాము. మా అమ్మగారు మాత్రం తమ పాత కథ ఒకటి చెప్పినారు.

తిరుత్తణి పూర్వం చిత్తూరు జిల్లాలోది. మదరాసు, ఆంధ్ర రాష్ట్రాల యెల్లలను సవరిస్తూ 1959లో చేసిన చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1వ తేదీన అది మదరాసు రాష్ట్రంలో కలిసినది. అప్పటికి అమ్మకు పదేళ్లు. "పొద్దున లేస్తే మా వూరు వేరే రాష్ట్రం అన్నారు నాయనా. కొండ అదే, 365 మెట్లూ అవే, బావినీళ్లూ అవే. పేరు మారితే వూరు మారిపోతుందా అని మా నాయన నవ్వినాడు. కాని నెల తిరగకముందే పొలం తగాదా వచ్చినది. చిత్తూరు కలెక్టరుకు పెట్టుకోవలసిన అర్జీ చెంగల్పట్టు కలెక్టరుకు పెట్టుకోవలసి వచ్చినది. పేరంటే అదిరా. వస్తువు మారదు, కష్టం వస్తే ఎవరిని అడగాలో అది మారుతుంది."

ఇంతకన్న బాగుగా యీ సంగతి మాకు ఏ షోరూములోనూ ఎవరూ చెప్పలేదు. అద్దం మీది పేరు అద్దాన్ని గట్టి చేయదు. అద్దానికి ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలో అది చెబుతుంది. అయితే మనం తెలుసుకోవలసినవి రెండు: పేరు లేకపోయినా వస్తువు మంచిదని తెలిసే మార్గం వున్నదా? షోరూము పేరు లేకపోతే మనకు జవాబు చెప్పేవారు దొరుకుతారా?

మొదట వస్తువు సంగతి. కారు ముందటి అద్దం ఒక్క అద్దం కాదు. రెండు పలుచని గాజు రేకుల నడుమ, మిల్లీమీటరులో మూడు పాళ్లంత మందమున్న ప్లాస్టిక్ పొరను పెట్టి, వేడిమితోనూ ఒత్తిడితోనూ ఒకటిగా అతికినది. పగిలినా ముక్కలు ఆ పొరకు అంటుకొనే వుంటాయి గాని ముఖాన పడవు. ఫ్రాన్సు దేశపు బెనెడిక్టస్ అనే ఆయన 1903లో చేయిజారిన గాజుబుడ్డి ఒకటి పగిలి కూడా చెదరకపోవడం చూచి, దానిలో ఎండిన పూత పొరయే కారణమని గ్రహించినాడనీ, 1909లో హక్కు పత్రం పొందినాడనీ చెబుతారు. ప్రక్క అద్దాలూ వెనుక అద్దమూ సాధారణంగా వేరు జాతి. గాజును బాగా కాచి, గాలితో ఒక్కసారిగా చల్లార్చినవి. పగిలితే పటికబెల్లం పలుకులుగా రాలిపోతాయి. ముందటి అద్దంగా అటువంటిది పెట్టరాదు.

ఇవి తయారయ్యే చోట్లు మనకు దూరమేమీ కాదు. మన పొరుగున శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ వారు 2000 సంవత్సరం నుండి కరిగిన తగరం మీద కరిగిన గాజును పారించి పలకలు తీస్తున్నారు. ఆసాహి ఇండియా అనేది మారుతీ వారి భాగస్వామ్యంతో 1984లో ఏర్పడినది. మన తిరువళ్లూరులోనే హిందూస్థాన్ మోటార్సు వారి కార్ఖానాలో 1998 నుండి లాన్సర్ కార్లు తయారయినవి. తరువాత ఆ చోటనే సిట్రోయెన్ కార్లు మొదలయినవి. కారు కంపెనీలు సామాన్యంగా గాజు తామే చేసుకోవు. ఇటువంటి గాజు కార్ఖానాలనుండి కొని, తమ గుర్తు వేయించుకుంటాయి. అవే కార్ఖానాలు తమ సొంత పేరుతో బయటి అంగళ్లకూ అమ్ముతాయి. అంగడి ఆయన మాటలో నిజం అంతమాత్రం వున్నది. అన్ని వేళలా రెండూ అచ్చంగా ఒకటే అనడానికి లేదు. రంగు ఛాయలోనో, శబ్దం తగ్గించే పొరలోనో తేడా వుండవచ్చును. అడిగి, రెండిటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచుకోవలెను.

మరి, పేరు వినని మూడవ సరుకు? అద్దం క్రింది మూలన చిన్న ముద్ర వుంటుంది. తయారీదారు పేరు, లామినేటెడ్ అన్న మాట, ఐ.ఎస్.ఐ. గుర్తు, 2553 అనే ప్రమాణపు సంఖ్య అందులో చూడవలెను. విదేశపు సరుకైతే వలయంలో ఇ అక్షరమూ ఒక అంకే వుంటాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో నూరవ నిబంధన ప్రకారం ముందు వెనుక అద్దాలలోగుండా వెలుతురు నూటికి 70 పాళ్లకు తగ్గకుండా రావలెను, ప్రక్క అద్దాలలో 50 పాళ్లు. మేము చూచిన చౌక అద్దం మీద ఒక బొమ్మ తప్ప ఏ ప్రమాణపు గుర్తూ లేదు. అది ఎవరు చేసినారో అంగడి ఆయనకే తెలియదు. అటువంటిదానికి 3,400 కూడా ఎక్కువే. మా బావమరిది ఆ మూల ముద్రను తన ఫోనుతో పెద్దది చేసి చూచి, తన పక్షం తానే వదులుకున్నాడు.

ముద్ర ఒక్కటే చాలదు, కంటితోనూ చూడవలెను. అద్దాన్ని నిలబెట్టించి, దానిలోగుండా ఎదుటి షట్టరు గీతలను చూస్తూ తలను ఇటూ అటూ ఆడించినాము. గీతలు నీళ్లలో నీడల్లాగా వణికితే ఆ అద్దం పనికిరాదు. రాత్రివేళ ఎదుటి బండి దీపం రెండు దీపాలుగా కనిపించేది అటువంటివాటిలోనే. మేము చూచిన రెండవరకపు అద్దంలో గీతలు తిన్నగా నిలిచినవి.

ఇన్సూరెన్సు వున్నది గదా, కంపెనీ అద్దమే వేయించుకుంటే పోయె అని మా ఆఫీసులో ఒకరు అన్నారు. గుమాస్తాలము గనుక లెక్క వేసినాము. గాజు వస్తువులకు తరుగుదల కోయరు, నిజమే. 1,500 సి.సి. లోపు కారుకు మన వంతు 1,000 పోగా 6,800 చేతికి వస్తుంది. కాని క్లెయిము లేనందుకు వచ్చే తగ్గింపు పోతుంది. ఆ తగ్గింపు ఏటేటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. మాకిప్పుడు 35. క్లెయిము చేయకపోతే రాబోయే యేడు 45, అటు తరువాత 50. చేస్తే మళ్లీ సున్న నుండి మొదలు. తిరిగి 50కి చేరే లోపల పోయేది మొత్తం ఒక యేటి ప్రీమియంలో 120 శాతం. మా బండి స్వంత నష్టపు ప్రీమియం 6,000. అది మారకుండా వుంటుందనుకుంటే నష్టం 7,200. వచ్చేది 6,800, పోయేది 7,200! తగ్గింపు పోకుండా కాపాడే అదనపు రక్షణ పాలసీలో వున్నవారికి యీ లెక్క వేరు. వారు ముందుగా పాలసీ కాగితం చదువుకోవలెను.

ఇక బిగింపు. అద్దమెంత మంచిదైనా బిగింపు చెడితే వృథా. ఇప్పటి కార్లలో అద్దం రబ్బరు పట్టీతో నిలిచేది కాదు. యురేథేన్ జిగురుతో బండి చట్రానికి అతికినది. కప్పుకు బలం కొంత దానివల్లనే. మా బండికి ముందు రెండు గాలి సంచులున్నవి. యెడమవైపు సంచి విచ్చుకొనేటప్పుడు పైకి లేచి అద్దానికి ఆనుకొని నిలుస్తుంది. అద్దం ఊడివస్తే సంచికి ఆసరా పోతుంది. సంచి ముందు కూర్చున్నది మా అమ్మగారు. ఈ సంగతి తెలిసిన తరువాత మేము అద్దం బేరం మాని బిగింపును గురించి ప్రశ్నలు వేసినాము. పాత జిగురు ఏమేరకు కోస్తారు? తుప్పు కనపడితే ఏమి చేస్తారు? ప్రైమరు పూస్తారా? జిగురు డబ్బా గడువు తేదీ ఏది? ఎన్ని గంటలు బండి కదల్చరాదు? అంగడి ఆయన మొదట విసుక్కున్నా, తరువాత డబ్బా తెచ్చి తేదీ చూపించినాడు. బండి రాత్రంతా అక్కడనే వుంచినాము. కిటికీలు అంగుళం దించి పెట్టమనీ, తలుపులు గట్టిగా వేయవద్దనీ, రెండు దినాలు నీళ్లతో కడగవద్దనీ ఆయనే చెప్పినాడు.

ఆ విధంగా 5,200 రూపాయల అద్దమే వేయించినాము. బిల్లులో తయారీదారు పేరు, అద్దం మీది సంఖ్య వ్రాయించినాము. నీరు కారినా గాలి చప్పుడు వచ్చినా ఒక సంవత్సరం లోపల సరిచేసి యిచ్చే పూచీ కూడా వ్రాయించి, ముద్ర వేయించి తెచ్చుకున్నాము. అర్జీ ఎవరికి పెట్టుకోవాలో ఆ కాగితంలో వున్నది. మా శ్రీమతి ఆ బిల్లును రెండుసార్లు చదివి బీరువాలో పెట్టినది. అదే ఆమె సమ్మతి. మొన్నటి వానలకు ఒక్క చుక్క లోపలికి రాలేదు.

అందరికీ యిదే దారి అని మేము చెప్పబోవడం లేదు. కొత్త బండ్లలో కొన్నిటికి అద్దం వెనుక, నడిమి చూపుటద్దం దగ్గర చిన్న కెమెరా వుంటుంది. ముందున్న బండిని కనిపెట్టి బ్రేకు వేసేది అదే. అద్దం మార్చిన తరువాత ఆ కెమెరాను తిరిగి సరిచూడవలెను. ఆ సాధనం లేనిచోట అద్దం చౌక అని బిగించుకోరాదు. వాన పడితే తానే తుడుచుకొనే బండ్లకూ అదే జాగ్రత్త. కంపెనీ హామీ యింకా తీరని బండికి, బయట వేయిస్తే ఆ హామీకి ఏమి భంగమో వ్రాతమూలంగా అడగవలెను. ఇటువంటివారు షోరూముకు పోవడమే మేలు. ఆ పేరుకు యిచ్చే డబ్బుకు ఫలం వున్నది.

మిగిలినవారికి మా మనవి ఒక్కటే. మూలనున్న ముద్ర చదవండి, గీతలు వణుకుతవేమో చూడండి, జిగురు తేదీ అడగండి, బిల్లు వ్రాయించుకోండి. ఇవి నాలుగూ సరిగా వుంటే కారు గుర్తు లేకపోయినా భయం లేదు. జల్లి లారీకి వెనుక మాత్రం, ఏ అద్దమున్నా సరే, నాలుగు బారల దూరం ఎక్కువగానే వుంచి నడపండి.