చుక్కల లెక్కకు మూడు మజిలీలు

పిల్లలూ! బస్తాడు బియ్యంలో రాళ్లు ఏరాలంటే ఒక్క మనిషికి ఎన్నాళ్లు పడుతుంది? అదే, వీధిలోని ప్రతి ఇల్లూ చేటెడేసి బియ్యం పంచుకుంటే పొద్దు వాలేలోగా పని ముగుస్తుంది. కంప్యూటర్లు కూడా ఇలాగే పెద్ద పనిని పంచుకుని చేయగలవు. ఎలాగో తెలుసుకోవడానికి కూర్చున్న చోటు కదలకుండా మూడు మజిలీల యాత్ర చేసి వద్దాం, రండి.

మొదటి మజిలీ అరెసిబో. పటం తెరిచి, అమెరికాకు ఆగ్నేయంగా ఉన్న కరీబియన్ సముద్రం చూడండి. అక్కడ ప్యూర్టోరికో అనే ద్వీపం ఉన్నది. అందులో సున్నపురాతి కొండల నడుమ నేల సహజంగానే గిన్నెలాగా పల్లమై ఉన్నది. ఆ పల్లంలో 1963లో శాస్త్రజ్ఞులు 305 మీటర్ల అడ్డుకొలత గల రేడియో దూరదర్శిని కట్టారు. మన కన్ను వెలుతురును పట్టినట్టు, అది ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టేది. దాని అంచు వెంట ఒక్క చుట్టు తిరిగితే దాదాపు ఒక కిలోమీటరు నడిచినట్టే! కావాలంటే మీరే లెక్క కట్టి చూడండి.

ఆ తరంగాలలో ఇతర లోకాల బుద్ధిజీవులు పంపిన సంకేతం ఏదైనా ఉన్నదేమో వెదకాలని కొందరు తలపెట్టారు. వెదకడమంటే మాటలా? ఒక్కొక్క టేపులో 35 గిగాబైట్ల సమాచారం నిండేది. ఆ రోజుల్లో అంత సమాచారాన్ని తీగల మీద పంపే వసతి అరెసిబోలో లేదు. అందుచేత టేపులను టపాలో పంపేవారు.

ఆ టేపుల వెంటే మనమూ బయలుదేరి, సముద్రం దాటి, అమెరికా పడమటి తీరాన ఉన్న బర్కిలీ చేరుకుందాం. ఇది రెండో మజిలీ. ఊరికి ఎగువన కొండమీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి అంతరిక్ష పరిశోధనశాల ఉన్నది. అక్కడివారు ఒక ఉపాయం ఆలోచించారు. లోకంలో ఎన్నో ఇళ్లలో కంప్యూటర్లు చాలాసేపు ఊరకే ఉంటాయి గదా! వాటిని సాయం అడిగితే?

1999 మే 17న "సెటీ ఎట్ హోమ్" మొదలయింది. టేపులోని సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలు చేశారు. ఒక్కొక్క ముక్కలో 107 సెకన్ల ఆకాశం ఉండేది. ఇంటి కంప్యూటరు ఒక ముక్కను తెచ్చుకుని, తీరిక వేళ పరీక్షించి, జవాబు పంపి, మరొకటి అడిగేది. క్రమంగా 50 లక్షల మందికి పైగా ఈ పనిలో చేరారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఎవరు ఎంత పని చేశారో చూపే పట్టికలో తమ పేరు పైకి రావాలని కొందరు తప్పుడు జవాబులు పంపారు! అందుకని ఒకే ముక్కను ఒకరికి తెలియకుండా మరొకరికి పంపి, జవాబులు సరిపోలితేనే నమ్మే పద్ధతి పెట్టారు. 2002లో ఆ పరిశోధనశాలలోనే, ఇతర పరిశోధనలకు కూడా పనికివచ్చేటట్టు "బోయింక్" అనే ఉచిత సాధనం తయారయింది.

మూడో మజిలీ మీ బడిలోని కంప్యూటరు గది. అక్కడ పది కంప్యూటర్లు ఒకే వలలో కలిసి ఉన్నాయనుకోండి. మొట్టమొదట ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోవాలి. మనవి కాని కంప్యూటర్లను అడగకుండా పనిలో పెట్టరాదు. తరువాత ప్రతి కంప్యూటరులోనూ బోయింక్‌ను అమర్చి, ఒక పరిశోధనను ఎంచుకుని, అన్నిటినీ ఒకే ఖాతాలో చేర్చాలి. పదింటి దగ్గరకూ తిరగనక్కరలేదు; ఒకదాని దగ్గర కూర్చునే అన్నిటినీ చూడవచ్చు. అందుకు ప్రతిదానిలోనూ ఒక రహస్యపదమూ, ఏ కంప్యూటరు మాట వినాలో దాని పేరూ వ్రాసి ఉంచాలి. ఆ మాటలు వచ్చే వాకిలి సంఖ్య 31416. వృత్తాల లెక్కల్లో వచ్చే 3.1416 జ్ఞాపకం వచ్చిందా? ఇక చివరి జాగ్రత్త: పనిచేసే కంప్యూటరు వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది. కనుక ఎన్ని గంటలు, ఎంత బలంతో పనిచేయాలో ముందే నిర్ణయించాలి.

ఇంత చేస్తే ఫలితమేమిటంటారా? సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న ముక్కలు పంపడం ఆపింది. పరలోకపు మాట అని రూఢి అయినది ఒక్కటీ దొరకలేదు. కాని బోయింక్ మీదనే నడిచిన "ఐన్‌స్టైన్ ఎట్ హోమ్" 2010లో, అరెసిబో సమాచారంలోనే ఒక కొత్త నక్షత్రాన్ని కనిపెట్టింది. అది సెకనుకు సుమారు 41 సార్లు గిర్రున తిరిగే పల్సారు. దాని జాడ పట్టినవి అమెరికాలోని అయోవాలో ఒక కంప్యూటరు, జర్మనీలోని మైంట్స్‌లో మరొకటి. ఒకదాని ఊసు ఒకదానికి తెలియదు. జవాబులు మాత్రం ఒక్కటే!

2020 డిసెంబరు 1న అరెసిబో దూరదర్శిని కూలిపోయింది. అది పట్టిన తరంగాలలో, సామాన్యుల కంప్యూటర్లలో బయటపడిన ఆ చుక్క మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నది.

ఇప్పుడు మీకొక లెక్క. మీ గదిలోని 10 కంప్యూటర్లు రోజుకు నాలుగేసి ముక్కలు పరీక్షిస్తాయి. ప్రతి ముక్కనూ రెండు కంప్యూటర్లు చూస్తేనే నమ్మాలి. 30 రోజుల్లో నమ్మదగిన ముక్కలు ఎన్ని? అమ్మతోనో నాన్నతోనో కూర్చుని చేయండి. ముందు ఎవరికి వారు విడిగా చేసి, ఆ తరువాతనే జవాబులు పోల్చి చూసుకోండి సుమా!