లింకు పెట్టే ముందు ఒక ఫోను

షోలాపూర్‌లోని కొంతం చౌక్ చుట్టుపక్కల చిన్న కార్ఖానాల వాళ్లకు వెబ్‌సైట్లు తయారుచేసి నడపడం నా పని. అందరూ తెలంగాణ నుంచి తరాల కిందట మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలీ కుటుంబాల వాళ్లే. షోలాపూర్ చద్దర్‌కూ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది కనుక అసలు సరుకు కోసం దూరం నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. వెబ్‌సైటుకు మాత్రం ఏడాదికి రెండు మూడు వేలకు మించి పెట్టే స్తోమత వీళ్లకు ఉండదు. ఆ డబ్బుకు వచ్చేది షేర్డ్ హోస్టింగ్. ఒకే సర్వర్‌లో ఎన్నో సైట్లుంటాయి, ఒక్కో సైటు ఒకేసారి ఇంతమందికే జవాబివ్వాలని హద్దు ఉంటుంది.

ఒక దీపావళి ముందు, లక్షల మంది చూసే పేజీ నడిపే అబ్బాయి మా చౌక్ చద్దర్లను మెచ్చుకుంటూ ఒక కార్ఖానా లింకు పెట్టాడు. కాసేపటికే ఆ కార్ఖానా మామ ఫోను చేశాడు. "ఏం రా, మన దుకాణం తెరుచుకుంటలేదంటున్నరు. పుణె హోటలాయన ఆర్డర్ పెట్టలేకపోతున్నడు."

సర్వర్ లాగ్ తెరిస్తే మొదటి వరసల్లో మనుషులే లేరు. లింకు కింద కనిపించే చిన్న బొమ్మ, శీర్షిక కోసం వచ్చిన యంత్రాలు. ఫేస్‌బుక్, టెలిగ్రామ్ తమ సర్వర్ల నుంచి వస్తాయి. వాట్సాప్‌లో లింకు రాసే ఫోనే నేరుగా వచ్చి పట్టుకుపోతుంది. మాస్టడాన్‌లో ఆ పోస్టు చేరిన ప్రతి సర్వర్ విడిగా వస్తుంది. అన్నీ ఒక్క క్షణంలో పడకుండా నిమిషం లోపల అటూ ఇటూ సర్దుకునే ఏర్పాటు దానిలో ఉంది. ఆ తర్వాత మనుషులు. ప్రతి ఒక్కరికీ సైటు డేటాబేసు తెరిచి పేజీని కొత్తగా కడుతోంది. పైగా ఒక్కో చద్దర్ ఫోటో నాలుగైదు ఎంబీలు. షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి చాలూ చేస్తే ఫ్యూజు పోయినట్టే పోయింది.

అమెరికాలో స్లాష్‌డాట్ అనే వార్తల సైటు 1997లో మొదలైంది. అది లింకు పెట్టిన చిన్న సైట్లు ఇలాగే పడిపోయేవి. అప్పటి నుంచీ ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి. అయినా ఇప్పటికీ హోస్టింగ్ వాళ్లు చెప్పేది ఒక్కటే, పెద్ద ప్లాన్ కొనుక్కోమని. నాకది న్యాయం అనిపించదు. ఏడాదికోసారి వచ్చే గంట తాకిడికి ఆ మామ ఏడాదంతా ఎందుకు కట్టాలి? గుంపును పంపేది ఒకరు, ఆ గుంపు వల్ల తన పేజీకి పేరు తెచ్చుకునేదీ ఆయనే. తలుపు దగ్గర తొక్కిడి అయితే అందులో ఆయనకూ వాటా ఉంది.

నా వంతు నేను చేశాను. పేజీలను ముందే కట్టి ఉంచే క్యాషింగ్ పెట్టాను, ఫోటోలను వందా నూటయాభై కేబీలకు తగ్గించాను. ఇక ఆ అబ్బాయికి ఫోను చేశాను. తను మంచి చేయాలనే పెట్టాడు, సంగతి విని బాధపడ్డాడు. "అన్నా, నేనేం చేయాలె?" అన్నాడు. ఒకరోజు ముందు చెప్పమన్నాను, దుకాణం మొదటి పేజీ బదులు నేను పంపే తేలిక పేజీ లింకే పెట్టమన్నాను.

మొన్న రాఖీ పౌర్ణమికి, మా మార్కండేయుని రథోత్సవం ముందు, తనే ఫోను చేశాడు. పొద్దున పదింటికి పెడతానన్నాడు. హోటళ్ల ఆర్డర్లు వచ్చే వేళ అది. రాత్రి తొమ్మిదికి పెట్టమన్నాను, సరే అన్నాడు.