పలక సంచి

మాది మార్కాపురం, పలకల ఊరు. మా చిన్నప్పుడు ఎటు చూసినా పలకల ఫ్యాక్టరీలే. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకునే పలకలు మా ఊరి నుంచే పోయేవి. మా అమ్మకి మాత్రం పలకంటే విసుగు. పగులుతుందని కాదు, దాని చెక్క చట్రం మూలలు పొడుచుకుని సంచి చిరుగుతుందని. నాన్న పాత ప్యాంటు కత్తిరించి నాకు బడి సంచి కుట్టేది. రెండు నెలలు తిరక్కుండానే అడుగు మూలల్లో తూట్లు. చివరికి ఆ మూలల్లో లోపలివైపు ఇంకో గుడ్డముక్క వేసి కుట్టింది. నేను పలక వదిలేసి నోటు పుస్తకాల్లోకి వచ్చినా ఆ సంచి చెక్కుచెదరలేదు.

అమ్మ కుట్టుమిషను మీదే మా ఇల్లు నడిచింది. దసరా ముందయితే రాత్రి ఒంటిగంట దాకా జాకెట్లు కుడుతూనే ఉండేది. నన్ను మాత్రం మిషను ముట్టుకోనిచ్చేది కాదు. "దీని ముందు కూర్చున్నావంటే ఇంక లేవలేవు పాపా, పోయి చదువుకో" అనేది. చదువుకున్నాను. ఉద్యోగం, గిద్దలూరులో కాపురం. గుండీ ఊడితే టైలరు దగ్గరికి పరుగెత్తే బతుకు.

తీరిక దొరికినప్పుడల్లా ఏదో ఒకటి మొదలుపెట్టేదాన్ని. గ్లాసు పెయింటింగు మూడు నెలలు. మిద్దె మీద మొక్కలు ఒక ఎండాకాలం దాకా; ట్యాంకరు నీళ్లు కొనే ఊళ్లో గులాబీలేంటి నాకు! ఇంతలో అమ్మకి చూపు తగ్గి మిషను అమ్మేస్తానంది. నేనే తెచ్చుకున్నాను.

మొదటి సంచి పాత జీన్సుతో. బజార్లో సూది మార్చుకోమన్నారు: పద్నాలుగో నంబరు ఆ మందానికి విరుగుతుంది, పద్దెనిమిది కావాలి. కుట్టాను గానీ అది నిలబడదు, దిండు గలేబులా కూలబడుతుంది. విప్పాను, మళ్లీ కుట్టాను. అడుగు మూలని త్రికోణంలా మడిచి అడ్డంగా ఒక కుట్టు వేస్తే చాలని వారం తర్వాత తెలిసింది. రెండు మూలలూ అలా కుట్టి తిరగేస్తే సంచికి అడుగు వచ్చింది, నేల మీద తనంతట తను నిలబడింది! ఆ రాత్రి దాన్ని వంటగట్టు మీద పెట్టి ఎన్నిసార్లు చూసుకున్నానో. అప్పటినుంచి ఆరేళ్లుగా మానలేదు.

మధ్యలో ఒకసారి బంధువుల పెళ్లికి నలభై సంచులు కుట్టిమ్మన్నారు, డబ్బులిచ్చి. పది దాటేసరికి లెక్క మొదలైంది: ఇంకా ముప్పై, ఇంకా ఇరవై ఎనిమిది. ఒక రాత్రి ఒంటిగంటకి మిషను చప్పుడు వింటే అది నాది కాదు, అమ్మది. నలభైయీ ఇచ్చేశాను. మళ్లీ ఒప్పుకోలేదు. 'ఇంత పనితనం ఉంచుకుని దండగ' అన్నవాళ్లున్నారు. 2022 చివరినుంచి 120 మైక్రాన్లలోపు ప్లాస్టిక్ సంచులు నిషేధం కదా, గిరాకీ బాగుంటుందని లెక్కలు కూడా చెప్పారు. కూరగాయల బండి దగ్గర చూస్తే ఆ నిషేధం సంగతి తెలుస్తుంది లెండి.

అమ్మకి ఈ మాట చెబితే నవ్వలేదు. "తీరికున్నోళ్ల పనిలే" అంది. గుచ్చుకుంది. ఆమె నడుం విరగ్గొట్టిన పని నాకు ఆటవిడుపు అయింది, నిజమే మరి.

పోయిన సంక్రాంతికి రైల్లో వచ్చింది. సంచులన్నీ మంచం మీద పరిచాను. కళ్లకి సరిగా ఆనవు కాబట్టి వేళ్లతో చూసింది. పట్టీ లాగి చూసింది, కుట్టు వెంబడి బొటనవేలు నడిపింది. "ఇక్కడ దారం వదులు" అంది. చెయ్యి లోపల పెట్టి అడుగు మూల దగ్గర ఆగింది. రెండో పొర తగిలింది.

"ఇప్పుడు పలకలేవే, ఇదెందుకు?"

నేనేం చెప్పలేదు. ఆమె రెండో మూల కూడా తడిమి చూసింది.

"నాకొకటి కుట్టు, మందులు పెట్టుకోను. జిప్పు వద్దు, నాకు కనపడదు."

మాత్రల అట్ట తీసుకుని టేపుతో కొలిచాను.