ఖైరతాబాద్‌లో హెదర్ కోసం



ఖైరతాబాద్ నుండి హుస్సేన్ సాగర్ వైపు వెళితే, నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా అనే మైదానము వస్తుంది. మొక్కల మేళా జరిగే రోజుల్లో అక్కడ ఎన్నో ఊళ్ల నర్సరీల వారు కుండీలు బారులు తీర్చి పెడతారు. ఒక తల్లి కోరిక మీద మేము అక్కడికి వెళ్లాము.

మా సంఘములోని ఆమె కూతురు స్కాట్లాండులో నర్సు. కొండంతా ఊదారంగు పూలు పరచుకొన్న ఫొటో పంపింది. ఆ మొక్క పేరు హెదర్. "అయ్యగారూ, క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు ఒక మొక్క తెమ్మంటాను. వాకిట్లో అది ఉంటే బిడ్డ ఉన్నట్టే ఉంటుంది" అన్నది తల్లి.

మేళాలో అడిగితే "మెక్సికన్ హెదర్" అని ఒకటి చూపించారు. సన్నని ఆకులు, చిన్న ఊదా పూలు, మూరెడు ఎత్తు. ఇది అసలు హెదర్ కాదు, కుఫియా. మెక్సికో, గ్వాటెమాలా దీని పుట్టిల్లు. మన గోరింటకు, దానిమ్మకు చుట్టము.

అసలు హెదర్‌కు చల్లని గాలి, ఆమ్ల గుణము గల నేల కావాలి. వెంట్రుకల వంటి దాని వేళ్లు ఒక జాతి బూజు సాయముతో ఆహారము తీసుకొంటాయి. వేడి, తడి కలిసిన మట్టిలో వేరుకుళ్లు పడుతుంది. సున్నము ఎక్కువగా ఉన్న బోరునీరు దానికి గిట్టదు. దాని కుటుంబములోని రోడోడెండ్రాన్‌ను చూడాలన్నా మనము నీలగిరుల చలికి ఎక్కవలసిందే. పైగా 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారము అనుమతి లేకుండా విదేశీ మొక్కను తేకూడదు.

ఈ మాటలన్నీ ఆ తల్లికి చెప్పాము. కాసేపు మౌనముగా ఉండి, "అయితే బిడ్డ డబ్బు వృథా చేయవద్దు. దీన్నే పెంచుతాను" అన్నది.

పేరు ఒకచోట, మొక్క మరొకచోట ఉండడము కొత్త కాదు. యిర్మీయా 17:6లో మన బైబిలు అరుహావృక్షము అన్నచోట, 1611 నాటి ఇంగ్లీషు అనువాదకులు తమ దేశపు హీత్ పేరు వ్రాశారు. అది జునిపెర్ జాతి చెట్టు కావచ్చునని పలువురు పండితులు అంటారు.

కుఫియా పెంచదలచిన వారు నాలుగు అంగుళాల లేత కొమ్మను ఇసుక కలిపిన మట్టిలో నాటండి. తడి ఆరనివ్వకండి, నీరు నిలవనివ్వకండి. వేసవిలో మధ్యాహ్నపు నీడ ఇవ్వండి. తేనెటీగలు, సీతాకోకచిలుకలు వెదుక్కొంటూ వస్తాయి.