డబ్బాలో క్లైమాక్సు... టైర్లో తీగముక్క!

హీరో విలన్ని చితక్కొట్టబోతున్నాడు. చెయ్యెత్తాడు. అంతే, తెర మీద తెల్లటి వెలుగు! హాల్లో లైట్లు వెలిగాయి. ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రెండో నిమిషంలో ఈలలు మొదలయ్యాయి. అయిదో నిమిషానికి నేల క్లాసులో బెంచీలు విరగడం మొదలయింది.

ఆ క్షణంలో హీరో కొట్టాల్సిన ఆ దెబ్బ ఎక్కడుందో తెలుసా? బెజవాడ ఏలూరు రోడ్డు మీద, నా సైకిల్ క్యారియర్‌కి తాడుతో కట్టిన రేకు డబ్బాలో వుంది. నేను ఆ సైకిల్ని నెట్టుకుంటూ పరుగెడుతున్నాను. వెనక చక్రంలో గాలి లేదు మరి!

ఇది 1983 నాటి మాట. ఈ కాలం కుర్రకారుకి చెబితే నమ్మరుగాని, అప్పట్లో ఒకే ప్రింటుతో రెండు హాళ్ళలో సినిమా ఆడించేవారు. మొదటి హాల్లో ఆడేసిన రీళ్ళని వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి, సైకిల్ మీద రెండో హాలుకి పరుగు. ఆ సైకిల్ కుర్రాణ్ణి నేను. 1000 అడుగుల 35 ఎం.ఎం. రీలు నడిచేది 11 నిమిషాలు. రెండేసి రీళ్ళు మోసేవాణ్ణి కనుక, విడతకి 22 నిమిషాలు. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర హాలు నుంచి గాంధీనగర్‌లో హాలుకి పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది. ఇక నాకు మిగిలేది రెండు నిమిషాలు. అందులోనే సోడా, అందులోనే చెమట తుడుచుకోవడం! రెండో హాల్లో ఆట ముప్పావుగంట ఆలస్యంగా మొదలెట్టేవారు కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చేవాళ్ళం. 1988లో వచ్చిన ఇటాలియన్ చిత్రం 'సినిమా పారడిసో'లో సరిగ్గా ఇలాగే రెండు వూళ్ళ మధ్య సైకిల్ మీద రీళ్ళు మోసే దృశ్యం వుంది. అది చూసినప్పుడు హాల్లో అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ రాత్రి నేను డబ్బా పట్టుకుని మెట్లెక్కేసరికి ఆపరేటర్ బాబాయి నుదుట తువ్వాలు అదిమి పెట్టుకుని కూచున్నాడు. తువ్వాలు ఎర్రగా వుంది. ప్రేక్షకులెవరో కేబిన్ కిటికీ మీదికి సోడా సీసా విసిరారట. "తెచ్చావా?" అన్నాడు. అంతే! ఇంకో మాట అనలేదు. రీలెక్కించి, సినిమా పూర్తి చేసి, అప్పుడు వెళ్ళాడు ఆస్పత్రికి. మూడు కుట్లు పడ్డాయి. మేనేజరు నన్ను తిట్టిన తిట్లూ, బెంచీల కోసం నా జీతంలో కోసిన కోతా నాకిప్పుడు గుర్తు లేవు. ఆ తువ్వాలు గుర్తుంది.

తప్పెవరిదంటారా? నాదే. అదే రోజు మ్యాట్నీలో అదే చక్రం పంక్చరయింది. షాపు సాయిబుగారు చిల్లు మూసి, "ఆగు బాబూ, టైరు లోపల కూడా చూడాలి" అన్నారు. "టైము లేదు సాయిబుగారూ, ఇంటర్వెల్ రీలు పట్టుకెళ్ళాలి" అని బలవంతంగా బిగింపించుకుని పోయాను. మర్నాడు ఆయన టైరు తీసి, లోపలంతా దూదితో తుడిచారు. ఒకచోట దూది పట్టుకుంది. పట్టకారుతో లాగితే వచ్చింది, మీసం వెంట్రుక లావున తీగముక్క! పొడుగు అంగుళంలో పావు కూడా లేదు. ఒక్క వూరి వాళ్ళ క్లైమాక్సు చెడగొట్టడానికి అదే చాలింది.

సాయిబుగారే నేర్పారు నాకు టైరు విద్య. ట్యూబు గాలి వాల్వు దగ్గరే టైరు మీద పేరు వచ్చేలా ఎప్పుడూ బిగించాలి. అప్పుడు ట్యూబులో చిల్లు వాల్వుకి ఎంత దూరంలో వుందో చూసుకుంటే, టైర్లో ముల్లు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. చిల్లు ట్యూబుకి లోపలి వైపున వుంటే దోషం రోడ్డుది కాదు, రిమ్ములోంచి పొడుచుకొచ్చిన వూచది. రిమ్ము టేపు మార్చాలిగాని టైర్ని తిట్టి లాభం లేదు. పక్కపక్కనే రెండు చిల్లులు పడితే, పాము కాటేసినట్టు, ముల్లు కోసం వెతక్కండి. గాలి తక్కువై, గోతిలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కేసిందన్న మాట.

ఇప్పుడు రీళ్ళూ లేవు, డబ్బాలూ లేవు. సినిమా హార్డ్ డిస్కులోనో, వుపగ్రహం మీదుగానో వచ్చేస్తోంది. పంక్చర్లు మాత్రం వున్నాయండోయ్! హైదరాబాదులో మా మేనకోడలు విద్యానగర్ నుంచి అబిడ్స్‌లో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుంది. మొన్న వానాకాలంలో నెల తిరక్కుండా నాలుగు పంక్చర్లు. "మామయ్యా, ఏ టైరు వేయించను? అడవిలో వెళ్ళే సైకిళ్ళకుంటాయే, ఇంతింత గుబ్బలవి, అవయితే గట్టిగా వుంటాయా?" అని ఫోను.

గుబ్బల టైరు చూడ్డానికి కొత్త హీరోలా వుంటుంది, నిజమే. కాని అది మట్టిదారి కోసం పుట్టింది. తారురోడ్డు మీద బరబరమని చప్పుడు చేస్తూ కాళ్ళ సత్తువ తినేస్తుంది. పైగా గుబ్బకీ గుబ్బకీ మధ్య రబ్బరు పల్చగా వుంటుంది, ముల్లుకి కావలసింది సరిగ్గా ఆ సందే. పట్నంలో తిరిగేవాళ్ళకి పైన దాదాపు నున్నగా వుండి, సన్నటి గాళ్ళున్న టైరు మేలు. వాన నీళ్ళలో జారిపోతుందేమోనని భయపడుతుంటారు. సైకిల్ టైరు సన్నం కనుక నీళ్ళని అదే పక్కకి తోసేస్తుంది, కారు సంగతి వేరు.

అసలు చూడాల్సింది పైన కాదు, లోపల. ఇవాళ్టి మంచి టైర్లలో నేలకానే రబ్బరు కింద ఓ రక్షణ పొర వుంటుంది. అందులో రెండు రకాలు. ఒకటి కెవ్లార్ దారంతో నేసిన పట్టీ. సినిమాలో హీరో తుపాకి గుండు తగిలినా లేచి నిలబడతాడే, ఆ చొక్కాలో వుండే దారమే. 1965లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే ఆవిడ కనిపెట్టారు. తమాషా ఏమిటంటే, వాళ్ళు అప్పుడు వెతుకుతున్నది చొక్కాల కోసం కాదు, టైర్లలో వేసేందుకు తేలికైన గట్టి దారం కోసం! ఈ పట్టీ గాజుపెంకు కోతని బాగా ఆపుతుంది. కాని సన్నటి తీగ, తుమ్మముల్లు నేతలోని సందుల్లోంచి దూరిపోగలవు. రెండో రకం మందపాటి మెత్తని రబ్బరు పొర. ష్వాల్బే కంపెనీ 'మారథాన్ ప్లస్'లో ఇది 5 మిల్లీమీటర్లుంటుంది. ముల్లు గుచ్చుకుంటుంది, కాని ట్యూబుదాకా చేరదు. నన్నడిగితే మన రోడ్లకి ఈ రెండోదే సరి. లారీల రేడియల్ టైర్లు అరిగి, పేలి రాల్చే వుక్కు తీగలు రోడ్డు పక్కంతా వుంటాయి. వాన పడితే అవన్నీ అంచుకి కొట్టుకొస్తాయి, తడి రబ్బర్లోకి సులువుగా దిగుతాయి. మా అమ్మాయి నాలుగు పంక్చర్లూ వానాకాలంలోనే పడ్డాయంటే ఆశ్చర్యమేముంది?

అయితే వూరికే రాదు ఇది. టైరు ఒక్కొక్కటి ఇంచుమించు కిలో బరువు. ఖరీదు మామూలు టైరుకి ఎన్నో రెట్లు. నడక కూడా కొంచెం మొద్దు. ఒక్క టైరుకే డబ్బులుంటే వెనక్కి వేయించమన్నాను. బరువెక్కువ పడేది అక్కడే, అరిగేదీ అక్కడే. అలాగని అరిగిపోయిన పాతది ముందుకి మార్చకూడదు సుమండీ! వెనకది పేలితే సైకిల్ ఆగుతుంది, ముందుది పేలితే మనిషి పడతాడు. అసలు గాలే లేని గట్టి రబ్బరు టైర్లు కూడా దొరుకుతున్నాయి. పంక్చరవవు. కాని ప్రతి గతుకూ నేరుగా నడుముకీ, వూచలకీ తెలుస్తుంది. ఆ సలహా మాత్రం నేనివ్వను. డబ్బు లేనప్పుడు మేం చేసిన పని, పాత ట్యూబుని నిలువునా కోసి టైర్లోపల పరచడం. ఇప్పటికీ పనిచేస్తుంది.

కొలత విషయంలో మా అమ్మాయి దాదాపు మోసపోయింది. '26 ఇంచీ' అని అడిగి కొనబోయింది. 26 × 1.75 వేరు, 26 × 1 3/8 వేరు, ఒకదాని రిమ్ముకి ఇంకోటి ఎక్కదు. టైరు పక్కన మిల్లీమీటర్లలో కూడా వేస్తారు. మొదటిదానికి చివర 559, రెండోదానికి 590. ఆ అంకె చదివి కొనుక్కుంటే షాపతనితో తగవుండదు. అక్కడే ఎంత గాలి పట్టాలో కూడా పి.ఎస్.ఐ.ల్లో రాసి వుంటుంది. బొటనవేలితో నొక్కి "గట్టిగానే వుంది" అనేవాళ్ళని నమ్మకండి. ఎంత ఖరీదైన టైరయినా వారానికోసారి గాలి చూడకపోతే, గోతిలో పడ్డరోజున రెండు చిల్లులు ఖాయం.

మొత్తానికి తెప్పించింది, 5 మిల్లీమీటర్ల పొరదే. ఆదివారం ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి ఇద్దరికీ టిక్కెట్లు కూడా తీసింది. "మామయ్యా, టైరు మార్చేసి అలాగే వెళ్ళిపోదాం, పది నిమిషాల పనేగా?" అంది. నేను సాయిబుగారి శిష్యుణ్ణి కదా, చొక్కా చేతులు మడిచాను. అమ్మబాబోయ్! ఆ టైరు అంచు రిమ్ములోకి దిగితేనా? ఓ పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. సబ్బునీళ్ళు రాశాం. తాడు కట్టి పట్టాం. నా బొటనవేళ్ళు కందిపోయాయి. నలభై నిమిషాలు పట్టింది. పెట్టే ముందు లోపల దూదితో తుడవడం మాత్రం మర్చిపోలేదు, కొత్త టైరయినా సరే.

చీకట్లో తడుముకుంటూ వెళ్ళి కూచున్నాం. టైటిల్స్ అయిపోయాయి, పాట నడుస్తోంది. పక్క సీటు కుర్రాణ్ణి మెల్లగా అడిగాను.

"హీరో ఎంట్రీ అయిపోయిందంకుల్" అన్నాడు జాలిగా.